చాటింపు మనది, మాట వాళ్లది
సైబరాబాదు బస్తీ యువతకు మాధ్యమ కళల చదువు: ఒక చారిత్రక పరిశీలన

మాధ్యమ కళల చదువు అనగానే కెమెరా, కంప్యూటరు, స్టూడియో గుర్తుకొస్తాయి. అందుకే హైదరాబాదులో ఆ చదువు హైటెక్ సిటీతో పుట్టిందనీ, 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాతిదేననీ చాలామంది అనుకుంటారు. ఈ లెక్కను మేం ఒప్పుకోం. ఊరికి వార్త చాటే పని తరతరాలుగా మన వాడలది. డప్పు కొట్టి దండోరా వేసింది మాదిగలు. ఏమని చాటాలో చెప్పింది మాత్రం దొర, పట్వారీ. చాటింపు మనది, మాట వాళ్లది. మాధ్యమాల్లో కులం చేసిన శ్రమ విభజన ఇదే. మాధ్యమ విద్య మీద ఏ చర్చయినా ఇక్కణ్నుంచే మొదలు కావాలి.

హైదరాబాదులో ఈ విభజనను తొలినాళ్లలోనే గట్టిగా ఎదిరించిన మనిషి మాదరి భాగ్యరెడ్డి వర్మ (1888-1939). ఆయన 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. అక్షరం అందని వాడల్లోకి మాటను ఎట్లా తీసుకుపోవాలన్నది ఆనాటి సమస్య. అందుకు ఆయన హరికథను ఎంచుకున్నారు. పురాణాలకు అలవాటుపడ్డ ఆ కళను సంఘసంస్కరణకు, ఆత్మగౌరవానికి వాడుకున్నారు. 1910లో ఇసామియా బజారులో బడి, 1911లో మన్య సంఘం వచ్చాయి. 1930ల తొలి ఏళ్లకు ఆ బడులు 26 అయ్యాయి. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక మొదలైంది, 1937లో అదే ‘ఆది హిందూ’ అయింది. కథ, బడి, పత్రిక - వర్మ ఈ మూడింటినీ విడదీయలేదు. విన్నవాడు చదవాలి, చదివినవాడు రాయాలి. మాధ్యమ విద్య అంటే మాకు అర్థమైనంతవరకు ఇదే.

ఆ తర్వాత ఈ గొలుసు తెగింది. బడి ప్రభుత్వం చేతికి, పత్రిక పెట్టుబడిదారు చేతికి పోయాయి. 1996 నవంబరులో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక దళిత విలేఖరి కోసం వెతికి, ఒక్కరూ దొరకలేదని ‘పయొనీర్’ పత్రికలో రాశారు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనం చూసిన 121 న్యూస్‌రూమ్ నాయకత్వ పదవుల్లో 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలు సున్నా. ఇరవై మూడేళ్లలో టీవీ వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది. కుర్చీలు మాత్రం కదల్లేదు.

మరి సైబరాబాదు ఏం చేసింది? యానిమేషన్, గేమ్‌లు, గ్రాఫిక్స్ పనులు తెచ్చింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం వీటికోసం ‘ఇమేజ్’ పాలసీ ప్రకటించింది. ఉద్యోగాలు వద్దని మేం అనడం లేదు. సిద్దిఖ్‌నగర్, అంజయ్యనగర్ వంటి బస్తీల్లోని పిల్లలకు ఆ అద్దాల మేడలు రోజూ కనిపిస్తాయి. లోపలికి దారి మాత్రం ఎక్కువమందికి సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, డెలివరీ పనుల గుండానే. ఈ కళలు నేర్పే ప్రయివేటు శిక్షణ కేంద్రాల్లో రిజర్వేషన్ లేదు. ఫీజు కట్టగలిగినవాడిదే సీటు. కట్టి చేరినా అక్కడ నేర్పేది సాఫ్ట్‌వేర్. ఎవరి కథ, ఎవరు చెప్పాలి అన్నది పాఠంలో ఉండదు. ఎవరో రాసిన కథకు ఫ్రేములు గీసిపెట్టడం మళ్లీ పాత చాటింపు పనే. డప్పు స్థానంలో కంప్యూటరు వచ్చిందంతే.

ఇంకో దారి లేదా? గచ్చిబౌలి పక్కనుంచే పోయే పాత బొంబాయి రోడ్డు మీద సుమారు నూరు కిలోమీటర్లు పోతే జహీరాబాద్ ప్రాంతం. అక్కడి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల చివర్లోనే, అంటే సైబర్ టవర్స్ లేచిన కాలంలోనే, వీడియో కెమెరా పట్టాయి. దళిత మహిళలు, కూలీలు, చిన్న రైతులు, చాలామందికి చదువు రాదు. కెమెరా ఎదుటి మనిషితో సమానంగా, కంటిమట్టంలో నిలిస్తే దానికి వాళ్లు ‘సంఘం షాట్’ అని పేరు పెట్టుకున్నారు. పైనుంచో కిందినుంచో తీసేవాటికి దొరతనాన్ని, బానిసత్వాన్ని గుర్తుచేసే పేర్లు పెట్టారు. ఏ ఫిల్మ్ స్కూలు పాఠ్యపుస్తకం కన్నా ఈ పేర్లలో ఎక్కువ సమాజశాస్త్రం ఉంది. బీటీ పత్తి నష్టం మీద వరంగల్ రైతుల మాటను 2003లో చిత్రంగా తీసిందీ వీళ్లే.

రేడియో సంగతి ఇంకా చెప్పుకోదగింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా 2002 విధానం విద్యాసంస్థలకే లైసెన్సు ఇచ్చింది, ప్రజాసంస్థలకు 2006 దాకా తలుపు తెరవలేదు. కంపెనీలకు భూములు, రాయితీలు అందిన ఆ ఏళ్లలోనే, పరికరాలు సిద్ధంగా పెట్టుకున్న ఈ మహిళలు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న మాచనూర్‌లో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాని గొంతులు. సంఘం ముందు, యంత్రం తర్వాత. అందుకే అది నిలబడింది. వర్మ జగన్మిత్ర మండలిలో మనం చూసిన క్రమం కూడా ఇదే.

పల్లెలో అయింది నగరంలో కాదా? కారిడార్ నడిబొడ్డునే రెండు కేంద్ర విశ్వవిద్యాలయాలున్నాయి: 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998లో పుట్టిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం. రెండింటిలోనూ జర్నలిజం, కమ్యూనికేషన్ చదువులున్నాయి. మొదటిదానిలో 2011 నుంచి కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠమే ఉంది. ఇవి ప్రజల డబ్బుతో నడిచేవి. వీటి స్టూడియోలు సాయంత్రాలు చుట్టుపక్కల బస్తీల యువతకు తెరవాలని అడగడం దయ కోరడం కాదు. తెలంగాణలో 2017 చట్టం కింద ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది. రోడ్లకు, భవనాలకు ఖర్చు చూపినట్టే ఆ నిధిలోంచి మాధ్యమ శిక్షణకూ వాటా పెట్టమనాలి. బోధన తెలుగులో, ఉర్దూలో సాగాలి. అన్నిటికన్నా ముందు, తీసిన బొమ్మ మీద, రాసిన కథ మీద హక్కు తీసినవాళ్లకే ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థి సంఘాలకు మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. బస్తీ పిల్లవాడి చేతిలో ఇయ్యాల ఫోన్ ఉంది. ఇక కెమెరా కొరత వంక చెల్లదు. కూర్చుని మాట్లాడుకునే చోటు, వినే సంఘం, చెప్పుకోవడానికి భయపడని వాతావరణం ఇవే కొరత. వాటిని కట్టే పని పాలసీలది కాదు, మనది.