రేసు గుర్రానికి తండ్రిని ఎంచడమెలా?

మలక్‌పేట రేస్‌కోర్సులో అమ్మే పందెం పుస్తకంలో ప్రతి గుర్రం పేరుతోపాటు మరో రెండు పేర్లు అచ్చయి ఉంటాయి. మొదటిది తండ్రి, రెండోది తల్లి. ఇంతవరకు ఒక్కసారైనా పరుగెత్తని గుర్రాలు బరిలోకి దిగే రోజున అనుభవజ్ఞుడైన పంటర్ కన్ను ముందుగా పడేది ఆ తండ్రి పేరు మీదనే. మరో ఆధారం లేనప్పుడు అదే ఆధారం. అయితే ఆ తండ్రి గుర్రం సైతం ఒకనాడు సంతానం లేనిదే. దాని పిల్లలు ఎలా పరుగెడతాయో ఎవరికీ తెలియని రోజుల్లో దానిని నమ్మి, ఫీజు కట్టి, తమ ఆడ గుర్రాలను పంపినవారు స్టడ్ ఫారం యజమానులు. పంటర్ పందెం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. స్టడ్ యజమాని పందెం తేలడానికి నాలుగేళ్లు పడుతుంది.

మైదానంలో మొనగాడు.. ఆ తరువాత?

గెలిచిన గుర్రానికి గెలిచే పిల్లలే పుడతాయన్నది సామాన్యంగా ఉండే నమ్మకం. అది పూర్తిగా అబద్ధం కాదు. 2010-12 మధ్య ఇంగ్లండులో పరుగెత్తిన 14 పందేలనూ గెలిచిన ఫ్రాంకెల్, 2021లో బ్రిటన్-ఐర్లండ్‌లలో సంతానం సంపాదన ప్రకారం అగ్రస్థానంలో నిలిచింది. దాని తండ్రి గెలీలియో 2001 ఎప్సం డెర్బీ విజేత. అదే అగ్రస్థానాన్ని ఆ గుర్రం 12 సార్లు అందుకొంది.

ఇక రెండో వైపు చూడాలి. 1973లో అమెరికా ట్రిపుల్ క్రౌన్‌ను గెలిచిన సెక్రటేరియట్ (పేరు వింటే మన సచివాలయం గుర్తుకు వచ్చినా, అది గుర్రమే) ఇంకా పరుగెడుతుండగానే 32 వాటాలుగా అమ్ముడైంది. ఒక్కో వాటా 1.90 లక్షల డాలర్లు. మొత్తం 60.8 లక్షల డాలర్లు. లేడీస్ సీక్రెట్, రైజెన్ స్టార్ వంటి మేలైన పిల్లలు దానికి పుట్టినా, వాటాదారులు ఆశించిన మరో సెక్రటేరియట్ పుట్టలేదు. తండ్రి పేరును ముందుకు తీసుకువెళ్లగలిగిన కొడుకూ లేడు. అంతకంటె దారుణమైనది సిగార్ కథ. వరుసగా 16 పందేలు గెలిచి, 1996 తొలి దుబాయ్ వరల్డ్ కప్‌ను ఎగరేసుకుపోయిన ఆ గుర్రాన్ని తొలి సీజనులో 34 ఆడ గుర్రాలకు జత కలిపారు. ఒక్కటీ చూలు కట్టలేదు. వంధ్యత్వానికి ముందే బీమా చేయించి ఉండడం వల్ల యజమానులు గట్టెక్కారు.

దీనికి భిన్నంగా డాంజిగ్ మోకాలి దెబ్బతో మూడంటే మూడు పందేలే పరుగెత్తింది. మూడూ గెలిచింది కానీ వాటిలో పెద్ద పందెమేదీ లేదు. అయినా గత శతాబ్దపు గొప్ప తండ్రి గుర్రాల్లో ఒకటిగా దానికి పేరు వచ్చింది. 1989 కెంటకీ డెర్బీ విజేత సండే సైలెన్స్‌కు వెనక కాళ్లు వంకర. వంశమూ అంత ఘనమైనది కాదన్నారు. కెంటకీ స్టడ్ యజమానులు ముఖం తిప్పుకోగా జపాన్‌వారు కొనుక్కొనిపోయారు. 1995 నుంచి 2007 వరకు వరుసగా 13 ఏళ్లు జపాన్‌లో అదే అగ్రస్థానం. 2002లోనే అది చనిపోయినా పిల్లలు ఆ స్థానాన్ని మరో ఐదేళ్లు నిలిపాయి. నమ్మకం ఇన్నిసార్లు తలకిందులైన రంగం మరొకటి అరుదు.

మూడో ఏడాది గండం

ఒంగోలు జాతి కోడెను ఎంచుకునే రైతుకు ఒక వెసులుబాటు ఉంది. వీర్యాన్ని నిల్వ చేయవచ్చు, వేలాది ఆవులకు వాడవచ్చు, ఫలితాలను త్వరగా పోగుచేయవచ్చు. థరోబ్రెడ్‌ల విషయంలో ఆ దారి మూసి ఉంది. కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను ప్రపంచంలో ఏ థరోబ్రెడ్ స్టడ్ బుక్కులోనూ నమోదు చేయరు. ఎదకు వచ్చిన ఆడ గుర్రాన్ని తీసుకువెళ్లి, ఎదురుగా సహజంగా దాటించవలసిందే. గర్భకాలం సుమారు 11 నెలలు. ఏడాదికి ఒక్క పిల్ల. ఒక ఆడ గుర్రం తన జీవితకాలంలో ఇచ్చే పిల్లలు పదీ పన్నెండుకు మించడం కష్టం. రెండు మూడు ఆడ గుర్రాలు మాత్రమే ఉన్న చిన్న యజమానికి ఒక తప్పు ఎంపిక అంటే అందులో ఒక పూర్తి సంవత్సరం పోయినట్లే.

కాలక్రమం ఇలా ఉంటుంది. 2009లో స్టడ్‌కు వచ్చిన గుర్రానికి 2010లో తొలి పిల్లలు పుడతాయి. 2011లో అవి ఏడాది పిల్లలుగా వేలానికి వస్తాయి. 2012లో రెండేళ్లు నిండి పరుగుకు దిగుతాయి. 2013లో మూడేళ్ల వయసు గుర్రాల పెద్ద పందేలు. అంటే తండ్రి అసలు యోగ్యత తెలియడం మొదలయ్యేది నాలుగో సీజనులో. తొలి ఏడాది కొత్తదనం మోజులో ఆడ గుర్రాలు బారులు తీరుతాయి. రెండో ఏడాది పలచబడతాయి. మూడు, నాలుగు ఏళ్లు వచ్చేసరికి, ఇంకా ఒక్క పిల్లా పరుగెత్తకముందే, జనం మరో కొత్త గుర్రం వైపు మళ్లుతారు. ఫీజు పడిపోతుంది. సరిగ్గా అక్కడే తెగింపు అవసరమవుతుంది. మూడో ఏట దాటించిన ఆడ గుర్రం పిల్ల ఏడాది వయసులో వేలానికి చేరేనాటికి పెద్ద తోబుట్టువులు మైదానంలో ఉంటాయి. అవి గెలుస్తుంటే చవకగా పుట్టిన ఆ పిల్ల ధర కొన్ని రెట్లవుతుంది. ఓడుతుంటే దాణా ఖర్చయినా తిరిగి రాదు.

7,500 డాలర్ల నుంచి 2.5 లక్షలకు

పైన చెప్పిన సంవత్సరాలు ఊహించినవి కావు. అవి ఇన్‌టు మిస్చిఫ్ అనే కెంటకీ గుర్రానివి. ఆరు పందేలు పరుగెత్తి మూడు గెలిచి, మూడింట రెండో స్థానంలో వచ్చింది. 2007 డిసెంబరులో రెండేళ్ల వయసులోనే ఒక గ్రేడ్-1 పందెం గెలవడం దానికున్న పెద్ద ఘనత. 2009లో స్పెండ్‌త్రిఫ్ట్ ఫారంలో 12,500 డాలర్ల ఫీజుతో నిలిపారు. ఆదరణ లేదు. ఫీజు 7,500 డాలర్లకు దిగింది. ఆడ గుర్రాలను రప్పించేందుకు ఫారం యజమాని ఒక ఒప్పందం ముందుకు తెచ్చారు. రెండేళ్లు వరుసగా పంపి ఫీజు కట్టినవారికి ఆ గుర్రం బ్రతికినన్నాళ్లూ ఏటా ఒక ఆడ గుర్రాన్ని ఉచితంగా దాటించుకునే హక్కు ఇస్తామన్నారు.

తొలి కాన్పు పిల్లల్లో ఒకటైన గోల్డెన్‌సెంట్స్ 2013లో శాంటా అనీటా డెర్బీ గెలిచింది. అదే ఏడాదీ, మరుసటి ఏడాదీ బ్రీడర్స్ కప్ డర్ట్ మైల్ గెలిచింది. ఆ పైన వెనుతిరిగి చూడలేదు. 2019 నుంచి 2024 వరకు ఉత్తర అమెరికాలో సంతానం సంపాదనలో ఇన్‌టు మిస్చిఫ్‌దే అగ్రస్థానం. ఫీజు 2.5 లక్షల డాలర్లకు చేరింది. 2020లో ఆథెంటిక్, 2021లో (ముందు వచ్చిన గుర్రంపై అనర్హత వేటు పడ్డాక) మాండలూన్, 2025లో సావరెంటీ, ఇలా మూడు కెంటకీ డెర్బీలు దాని పిల్లల ఖాతాలో చేరాయి. ఆనాడు ఆ ఒప్పందానికి ఒప్పుకున్న చిన్న యజమానుల చేతిలో ఉన్న హక్కు విలువ ఎంతకు పెరిగిందో లెక్క వేయడం కష్టం కాదు.

ముందే కనిపించే ఆనవాళ్లు

ఫలితం రాకముందు చూడదగినవి బొత్తిగా లేవని కాదు. ఏ వయసులో గెలిచింది అన్నది మొదటిది. రెండేళ్ల పిల్లలతో త్వరగా డబ్బు రాబట్టాలనుకునేవారు, తాను కూడా రెండేళ్లకే వేగం చూపిన గుర్రాన్ని కోరుకుంటారు. నాలుగైదేళ్లకు గాని పదును తేరని దూరపు పరుగుల గుర్రం పిల్లలు సైతం ఆలస్యంగానే తేరుకుంటాయి. ఈ లోగా తండ్రికి చెడ్డపేరు వచ్చి ఉంటుంది.

పుట్టిన నెలనూ మరువరాదు. ఉత్తరార్ధ గోళంలో పుట్టిన గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. జనవరిలో పుట్టిన పిల్ల, మే నెలలో పుట్టిన పిల్ల కాగితం మీద ఒకే ఈడువి. రెండేళ్ల వయసులో ఆ నాలుగు నెలల తేడా ఎంతో పెద్దది. ఆడ గుర్రాలు ముందే ఎదకు రావాలని శీతకాలంలో సాలల్లో రాత్రి పొద్దుపోయేదాకా దీపాలు వెలిగించి ఉంచడం ఇందుకే.

శరీర నిర్మాణం తరువాతి మాట. ముందు మోకాలు వెనక్కి వంగినట్లుండడం, గిట్ట పైభాగం మరీ నిటారుగా ఉండడం, పరుగులో గురకపెట్టే శ్వాసలోపం వంటివి పిల్లలకు సంక్రమించే అవకాశం ఉన్నవే. చిక్కేమంటే, చిన్నతనంలో కాలి వంకరను శస్త్రచికిత్సతో సరిచేసిన గుర్రం పెద్దయ్యాక నిటారుగానే కనిపిస్తుంది. కత్తి సరిచేసినది కాలినే కాని వారసత్వాన్ని కాదు. అందుకే జాగరూకులైన కొనుగోలుదారులు తండ్రి కాళ్లకంటె, పుట్టిన మొదటి నెలల్లో పిల్లల కాళ్లను చూడడానికి ఫారాలు తిరుగుతారు.

జన్యు పరీక్షలూ వచ్చాయి. కండరాల ఎదుగుదలను నియంత్రించే మయోస్టాటిన్ జన్యువులోని తేడాలను బట్టి గుర్రం పొట్టి దూరాలకా, పొడుగు దూరాలకా తగినదని చెప్పవచ్చునని డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు 2010లో వెల్లడించారు. అది ఏ దూరానికి పనికివస్తుందో చెబుతుందే గాని ఎంత గొప్పగా పరుగెడుతుందో చెప్పదు. దానిని ప్రతిభకు ముద్రగా అమ్మజూపేవారి మాట నమ్మదగినది కాదు.

వేలం ధర సంగతి మరీ నమ్మరానిది. 2006 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో ది గ్రీన్ మంకీ అనే రెండేళ్ల గుర్రం 1.6 కోట్ల డాలర్లు పలికింది. మూడు పందేలు పరుగెత్తి ఒక్కటీ గెలవలేదు. నార్తర్న్ డాన్సర్ ఏడాది పిల్లగా ఉండగా 25,000 డాలర్లిచ్చి కొనేవాడు లేకపోయాడు. పొట్టిది అన్నారు. 1964లో కెంటకీ డెర్బీ గెలిచి, ఆధునిక థరోబ్రెడ్ వంశాల్లో అత్యధిక భాగానికి అదే మూలపురుషుడైంది.

లెక్కల్లో మాయ

పిల్లలు పరుగెత్తడం మొదలయ్యాక పట్టికలు వస్తాయి. పత్రికలు ప్రచురించే తండ్రి గుర్రాల జాబితా సాధారణంగా పిల్లలు గెలిచిన మొత్తం సొమ్ము ప్రకారం ఉంటుంది. ఇందులో మోసం ఎక్కువ. ఉదాహరణకు ఒక గుర్రానికి 120 పిల్లలు పరుగెత్తి 48 గెలిచాయనుకుందాం. మరో గుర్రానికి 30 పరుగెత్తి 18 గెలిచాయి. జాబితాలో మొదటిదే పైన ఉంటుంది. శాతం చూస్తే 40కి 60. అంతటితో రెండోదే మేలని తీర్పు చెప్పడమూ తొందరపాటే. 30 పిల్లల లెక్కలో ఒకటి రెండు అటూ ఇటూ అయితే శాతం ఎగిరిపడుతుంది. ఒకే ఒక్క పిల్ల డెర్బీ సొమ్ము తెస్తే జాబితా అంతా తారుమారవుతుంది.

అందుకే వృత్తిలో ఉన్నవారు పెద్ద పందేల విజేతలు పుట్టిన పిల్లల్లో ఎంత శాతమో చూస్తారు. నూటికి 5 ఉంటే మంచి తండ్రి. 10 ఉంటే అరుదైన తండ్రి.

అన్నిటికంటె పదునైన ప్రశ్న మరొకటుంది. ఈ గెలుపు తండ్రిదా, తల్లిదా? పేరున్న గుర్రానికి మేలైన ఆడ గుర్రాలు వస్తాయి. వాటి పిల్లలు ఏ తండ్రికి పుట్టినా కొంత గెలుస్తాయి. దీనిని తేల్చడానికి అమెరికాలో రెండు సూచికలు వాడతారు. మొదటిది, ఒక తండ్రి పిల్లల సగటు సంపాదన దేశ సగటుకు ఎన్ని రెట్లో చెబుతుంది. దేశ సగటు 1. రెండోది, అవే ఆడ గుర్రాలు ఇతర తండ్రులకు కన్న పిల్లల సంపాదనను అదే తీరున కొలుస్తుంది. మొదటి అంకె 1.5, రెండోది 2 అయితే ఆ తండ్రి ఘనత ఆడ గుర్రాల చలవే. మొదటిది 1.5, రెండోది 1 అయితే సామాన్య తల్లుల నుంచి మెరుగైన పిల్లలను రాబట్టిందన్న మాట. చిన్న స్టడ్ యజమానికి కావలసినది ఈ రెండో రకం.

ఇంత లెక్కకూ అందనిది ఒకటి మిగులుతుంది. అది కూతుళ్ల ద్వారా వచ్చే వారసత్వం. విఫలమైందన్న సెక్రటేరియట్ కూతుళ్లే స్టార్మ్ క్యాట్, ఏ.పీ. ఇండీ, గాన్ వెస్ట్ అనే మూడు మహా తండ్రి గుర్రాలను కన్నాయి. స్టార్మ్ క్యాట్ ఫీజు ఒక దశలో 5 లక్షల డాలర్లు పలికింది. 7,500 డాలర్లకు దిగిన ఇన్‌టు మిస్చిఫ్ ఆ స్టార్మ్ క్యాట్‌కే మునిమనుమడు.

మన దేశంలో..

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో పందేలను మౌలాలీ నుంచి మలక్‌పేటకు మార్పించిన నాటి నుంచీ హైదరాబాదుకు గుర్రపు పందేలతో అనుబంధం ఉంది. దేశంలో పేరు తెచ్చుకున్న తండ్రి గుర్రాల్లో చాలా భాగం విదేశాల నుంచి వచ్చినవే. యూరప్, అమెరికాలలో అగ్రశ్రేణి గుర్రాలను కొనే స్తోమత ఇక్కడి ఫారాలకు అరుదు. అందువల్ల వంశం ఘనమై, మైదానంలో ఆశించినంత రాణించనివి మన వాటాకు వస్తాయి. రజీన్ అందుకు మేలైన నిదర్శనం. అది నార్తర్న్ డాన్సర్ కొడుకు. 1990 ఎప్సం డెర్బీలో ఫేవరెట్‌గా దిగి వెనుకబడింది. హర్యానాలోని ఉషా స్టడ్‌కు చేరి, పలుమార్లు దేశంలోనే అగ్రశ్రేణి తండ్రిగా నిలిచింది. ఇంగ్లండులో ఓటమిగా మిగిలిన ఆ డెర్బీయే దానిని మన దేశానికి అందుబాటులోకి తెచ్చిందనడం తప్పు కాదు.

పిల్లల నమోదు, తల్లిదండ్రుల నిర్ధారణ పుణె కేంద్రంగా ఉన్న స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా పని. ఇక్కడ నిరీక్షణ కెంటకీ కంటె ఒక మెట్టు ఎక్కువ. మలక్‌పేటలో గాంధీ జయంతి నాడు జరిగే దక్కన్ డెర్బీ మూడేళ్ల గుర్రాలది. ముంబయి మహాలక్ష్మిలో ఫిబ్రవరి తొలి ఆదివారం జరిపే ఆనవాయితీ ఉన్న ఇండియన్ డెర్బీ మాత్రం నాలుగేళ్ల గుర్రాలది. 2020లో స్టడ్‌కు వచ్చిన గుర్రం తొలి పిల్లలు ఆ డెర్బీకి అర్హత పొందినది 2025లో.