సైన్ అంటే జేబు: సస్తా కాలిక్యులేటర్ కొనేముందు కొంచెం తారీఖ్

కాలేజీలు తెరిచే రోజులు వచ్చాయంటే మన ఇళ్లల్లో ఒక సవాల్ తప్పదు. పాలిటెక్నిక్‌లోనో, బీటెక్‌లోనో, బీఎస్సీలోనో చేరిన పిల్లలు "సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొనివ్వండి" అంటారు. దుకాన్‌కి వెళితే ఐదారు వందల నుంచి రెండు వేల దాకా రకరకాలు కనిపిస్తాయి. అబ్బా ధర చూస్తారు. పిల్లలు దోస్త్ చేతిలో ఉన్నది చూస్తారు. దుకాన్‌దార్ తన లాభం చూసుకుంటాడు. ఫీజులు, పుస్తకాలు, బస్ పాస్ అన్నీ ఒకే నెలలో మీదపడే ఇంట్లో వెయ్యి రూపాయల తేడా చిన్నదేమీ కాదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. లెక్కలు చదివే పిల్లల్లో చాలామందికి వెయ్యి రూపాయల లోపు దొరికే మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్ సరిపోతుంది. ఎందుకు సరిపోతుందో తెలియాలంటే దాని తారీఖ్ కొంచెం తిరగేయాలి. ఆ తారీఖ్‌లో మనం ఇంట్లో మాట్లాడే జబాన్‌కి కూడా హిస్సా ఉంది.

కాలిక్యులేటర్ మీద సైన్ అనే బటన్ ఉంటుంది కదా, ఆ మాటకి అసలు మతలబ్ ఏమిటి? క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు 24 మెట్ల పట్టిక ఒకటి ఇచ్చాడు. విల్లుకి కట్టే తాడుని సంస్కృతంలో జ్యా అంటారు, జీవా అని కూడా అంటారు. వృత్తంలో గీసిన అలాంటి తాడులో సగం పొడవు ఎంతో చెప్పే పట్టిక అది. ఈ ఇల్మ్ బగ్దాద్ చేరినప్పుడు అక్కడి ఆలిమ్‌లు జీవా అన్న మాటని తర్జుమా చేయలేదు, జీబా అని అలాగే రాసుకున్నారు. అరబ్బీలో జేర్, జబర్ పెట్టకుండా రాయడం మామూలే. జీమ్, యే, బే అని మూడు హర్ఫులు కనిపిస్తే, సంగతి తెలియనివాళ్లు దాన్ని జైబ్ అని చదువుతారు. జైబ్ అంటే అంగీ మెడ దగ్గర మడత, ఒడి, జేబు. 12వ సదీలో స్పెయిన్‌లో అరబ్బీ కితాబులని లాటిన్‌లోకి మార్చినవాళ్లు జైబ్ అనే చదివారు. లాటిన్‌లో మడతకి, ఒడికి ఉన్న సైనస్ అనే మాట అక్కడ పెట్టారు. అదే సైన్ అయింది.

ఉర్దూలో జేబ్, తెలుగులో జేబు ఆ జైబ్ నుంచి వచ్చినవే. 1918లో ఉర్దూ మీడియంతో ఏర్పడిన హైదరాబాద్ జామియా ఉస్మానియాలో చదువుకున్న పెద్దలకి ట్రిగొనోమెట్రీ ఇల్మ్-ఎ-ముసల్లస్. సైన్ వాళ్లకి జైబే. అంటే మన దేశంలో పుట్టిన జీవా బగ్దాద్, స్పెయిన్ తిరిగి ఇంగ్లీషులో సైన్ అయితే, ఉర్దూ మీడియం విద్యార్థి దగ్గరికి జైబ్‌గా వచ్చింది.

ఈ పట్టికలు తయారుచేయడం ఎంత మెహనత్‌తో కూడిన పనో తెలియాలంటే 15వ సదీ సమర్ఖండ్ వైపు చూడాలి. తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ 1420లలో అక్కడ పెద్ద రసద్‌గాహ్ కట్టించాడు. నక్షత్రాలని చూసి లెక్కగట్టే చోటు అది. అక్కడ పనిచేసిన గియాసుద్దీన్ జంషీద్ అల్ కాషీకి ఒక ముష్కిల్ ఎదురైంది. 3 డిగ్రీల సైన్ విలువని జ్యామితితో రాబట్టవచ్చు. 1 డిగ్రీకి రావాలంటే ఆ కోణాన్ని మూడు భాగాలు చేయాలి, అప్పుడు ఘన సమీకరణం అడ్డొస్తుంది. దాన్ని ఒకేసారి సాధించకుండా, దగ్గరి విలువ ఒకటి తీసుకుని, దానితో ఇంకా దగ్గరి విలువ, దానితో మరీ దగ్గరి విలువ అని లాగుతూ పోయే తరీఖా ఆయన కనిపెట్టాడు. సమర్ఖండ్‌లో అలా వచ్చిన 1 డిగ్రీ సైన్ విలువ 16 దశాంశ స్థానాల దాకా సరిగ్గా ఉంది. 1437 నాటి ఉలుగ్ బేగ్ జీజ్‌లో డిగ్రీలో 60వ వంతుకి ఒకటి చొప్పున సైన్ విలువలు ఇచ్చారు.

ఇప్పుడు ఐదారు వందల కాలిక్యులేటర్‌లో 1 డిగ్రీ సైన్ నొక్కితే 0.017452406 అని వస్తుంది. అల్ కాషీ రాబట్టిన అంకెలే అవి, కాకపోతే తెర మీద చోటు తక్కువ.

ఆ తర్వాత 1614లో స్కాట్లాండ్‌కి చెందిన జాన్ నేపియర్ లాగరిథం పట్టికలు అచ్చువేశాడు. వాటితో గుణకారం కూడికగా, భాగహారం తీసివేతగా మారిపోయాయి. కొన్నేళ్లకే ఆ లాగరిథం కొలతలని చెక్క బద్దల మీద గీసి స్లైడ్ రూల్ తయారుచేశారు. ఇంజినీర్లు మూడు వందల ఏళ్లకి పైగా దానితోనే వంతెనలు, యంత్రాలు లెక్కగట్టారు. స్లైడ్ రూల్‌తో మూడు అంకెల వరకే నమ్మకంగా జవాబు చెప్పవచ్చు. పదో స్థానమా, వందో స్థానమా అన్నది మనిషే ఆలోచించుకోవాలి.

మా జమానాలో ఇంటర్ ప్రాక్టికల్స్‌కి లాగ్ పట్టికలే దిక్కు. ఇంజినీరింగ్‌లో చేరినవాళ్ల చేతిలో క్లార్క్స్ టేబుల్స్ ఉండేది. వరస మీద వేలు పెట్టి, మీన్ డిఫరెన్స్ కలిపి, యాంటీలాగ్ చూసుకునేసరికి చెమట పట్టేది. ఒక్క ఫాయిదా మాత్రం ఉండేది. జవాబు ఎంత పెద్దదిగా రావాలో ముందే అందాజా వేసుకునే అలవాటు మాకు వచ్చింది.

1972లో సీన్ మారింది. అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ అప్పటికే బల్ల మీద పెట్టుకునే పెద్ద కాలిక్యులేటర్ అమ్ముతోంది. కంపెనీ పెద్దల్లో ఒకరైన బిల్ హ్యూలెట్ అది తన చొక్కా జేబులో పట్టేంత చిన్నది కావాలని కోరాడు. అలా వచ్చిందే హెచ్‌పీ-35. మీద 35 బటన్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. జేబు అనే అర్థం ఉన్న సైన్ చివరికి నిజంగానే జేబులోకి చేరింది. దాని ధర 395 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు 3,000 రూపాయలు.

దాని లోపల పెద్ద పట్టికలేమీ దాచలేదు. 1959లో జాక్ వోల్డర్ విమానాలు దారి చూసుకునే లెక్కల కోసం కోర్డిక్ అనే తరీఖా ప్రచురించాడు. కొన్ని చిన్న కోణాలు మాత్రం గుర్తుపెట్టుకుని, కూడికలు, తీసివేతలు, అంకెలని పక్కకి జరపడం, వీటితోనే సైన్ రాబట్టవచ్చు. హెచ్‌పీ-35 ఈ దారిలోనే నడిచింది. పని ఇంత సాదాగా ఉంటే చిన్న చిప్ చాలు. చిప్‌లు చవకైన కొద్దీ కాలిక్యులేటర్లూ చవకయ్యాయి. 1976లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-30ని 24.95 డాలర్లకి అమ్మింది. నాలుగేళ్లలో ధర 395 నుంచి 25కి దిగింది. స్లైడ్ రూల్ కంపెనీల దుకాన్ బంద్ అయింది.

ధర ఎక్కువైతే తప్పులుండవన్న గుమాన్ కూడా ఆ 395 డాలర్ల యంత్రమే తీర్చింది. 2.02కి నేచురల్ లాగ్ తీసి, ఆ జవాబుకి ఈ-పవర్-ఎక్స్ బటన్ నొక్కితే తిరిగి 2.02 రావాలి. మొదట అమ్మిన హెచ్‌పీ-35లలో 2 వచ్చేది. తర్వాత కంపెనీ దాన్ని సరిచేసింది.

మన దగ్గరికి ఈ యంత్రాలు చాలావరకు గల్ఫ్ దారిలో వచ్చాయి. 1980లలో దుబాయ్, జిద్దా నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసులో అత్తరు, టేప్ రికార్డర్ పక్కన జపాన్ కాసియో కాలిక్యులేటర్ ఉండేది. మా మామూ తెచ్చిన ఒక కాసియోతో మా ఖాందాన్‌లో ముగ్గురు డిగ్రీలు పూర్తిచేశారు.

ఇప్పుడు కొనే సంగతికి వద్దాం. ముందు అడగాల్సింది మోడల్ కాదు, పరీక్ష. ఎప్‌సెట్‌కి, జేఈఈ మెయిన్‌కి కాలిక్యులేటర్ రానివ్వరు. ఆ పిల్లలకి కొనిస్తే ఫాయిదా కంటే నుక్సాన్ ఎక్కువ, చేతి లెక్క మరిచిపోతారు. గేట్ పరీక్షలో కంప్యూటర్ తెర మీదే కాలిక్యులేటర్ ఇస్తారు, మనది తీసుకెళ్లనివ్వరు. డిప్లొమా, బీటెక్, బీఎస్సీ పరీక్షల్లో మామూలుగా ప్రోగ్రామింగ్ లేని సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెచ్చుకోనిస్తారు. అయినా కాలేజీలో అడిగి, హాల్ టికెట్ మీది నియమాలు చదివాకే డబ్బు బయటికి తీయండి. గ్రాఫులు గీసే మోడళ్లు, ప్రోగ్రామ్ రాసుకునే మోడళ్లు ఖరీదైనవి, పైగా పరీక్ష గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఫోన్‌లో ముఫ్త్‌గా దొరికే యాప్ ఇంట్లో పనికొస్తుంది, పరీక్షలో పనికిరాదు.

బీఎస్సీకి, డిప్లొమాకి, బీటెక్‌లో చాలా బ్రాంచ్‌లకి కాసియో ఎఫ్‌ఎక్స్-82 ఎంఎస్ తరగతి మోడల్ చాలు. ట్రిగొనోమెట్రీ, లాగరిథం, భిన్నాలు, పర్ముటేషన్లు, సగటు, స్టాండర్డ్ డీవియేషన్ అన్నీ అందులో ఉన్నాయి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ పిల్లలకి సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, సమీకరణాలు రోజూ తగులుతాయి. వాళ్లకి ఎఫ్‌ఎక్స్-991 తరగతి కొనండి, ఆ ఖర్చు వృథా కాదు. 991లో ఎంఎస్, ఈఎస్ ప్లస్, క్లాస్‌విజ్ అని మెట్లున్నాయి. ఈఎస్ ప్లస్‌లో భిన్నం పుస్తకంలో ఉన్నట్టే పైనా కిందా కనిపిస్తుంది. అది సౌకర్యం, జరూరత్ కాదు. బటన్ సెల్‌తో పాటు సోలార్ పలక ఉన్నది దొరికితే మంచిది, పరీక్ష మధ్యలో ఆగిపోయే భయం తక్కువ. బాగా పేరున్న మోడళ్లకి నకిలీలు కూడా తిరుగుతుంటాయి. కాబట్టి బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి.

దుకాన్‌లోనే మూడు పరీక్షలు పెట్టండి. ఒకటి, 30 సైన్ నొక్కండి. 0.5 రావాలి. మైనస్ 0.988 వస్తే అది రేడియన్లలో ఉందని అర్థం. 0.4539 వస్తే గ్రేడియన్లలో ఉంది, లంబకోణాన్ని 100 భాగాలు చేసిన ఫ్రెంచ్ కొలత అది. యంత్రం చెడిపోలేదు, మోడ్ మార్చాలి. పరీక్ష హాల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. తెర మీద చిన్న డి అక్షరం ఉందో లేదో చూసుకోవడం పిల్లలకి నేర్పండి. రెండు, 69 ఫాక్టోరియల్ నొక్కండి. 1.711 పక్కన 10 పవర్ 98 రావాలి. 70కి మామూలు మోడళ్లు ఎర్రర్ చూపిస్తాయి, వాటి హద్దు 10 పవర్ 100 లోపే. మూడు, 3438ని 3.75 డిగ్రీల సైన్‌తో గుణించండి. 224.856 వస్తుంది. ఆర్యభటుడి పట్టికలో మొదటి అంకె 225. పదిహేను సదీల నాటి హిసాబ్ సరిగ్గా ఉందని మీ అమ్మాయి ఆ దుకాన్‌లోనే నిలబడి తేల్చగలదు.

చదువు అయిపోయాక ఆ కాలిక్యులేటర్‌ని సొరుగులో పెట్టేయకండి. కొత్త సెల్ వేసి, దాని మాన్యువల్‌తో పాటు మొహల్లాలో తర్వాత చేరబోయే పిల్లకో పిల్లాడికో ఇవ్వండి. 69 ఫాక్టోరియల్ వాళ్లకీ అదే వస్తుంది.