మిడ్నపూర్ బడులు, హిజ్లీ శిబిరం

బెంగాల్ నాగపూర్ రైల్వే 1902లో ఈస్ట్ కోస్ట్ రైలు మార్గపు ఉత్తర భాగాన్ని తన అధీనంలోకి తీసుకున్నాక, ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కు వలస సులువై, వర్క్‌షాపు చుట్టూ తెలుగు వాడలు పెరిగాయి. ఆ రైల్వే పట్టణాన్ని ఆనుకొని ఉన్న హిజ్లీకీ, కాస్త దూరంలోని జిల్లా కేంద్రం మిడ్నపూర్‌కూ మరో చరిత్ర ఉంది. విద్యార్థినే ముప్పుగా లెక్కించిన ప్రభుత్వం ఆ ముప్పును అడ్డుకోవడానికి పన్నిన ఏర్పాట్ల చరిత్ర అది.

దాని మూలం 1905 నాటి కార్లైల్ సర్క్యులర్‌లో, అంటే బెంగాల్ ప్రభుత్వ కార్యదర్శి కార్లైల్ జిల్లా అధికారులకు పంపిన ఉత్తర్వులో కనిపిస్తుంది. విద్యార్థులు స్వదేశీ ఉద్యమంలో పాల్గొనకుండా ఆపలేని బడికి గ్రాంటు నిలిపివేస్తామని అది హెచ్చరించింది. అవసరమైతే ఉపాధ్యాయులను స్పెషల్ కానిస్టేబుళ్లుగా, అంటే తాత్కాలిక పోలీసులుగా, నియమించవచ్చని కూడా చెప్పింది. పాఠం చెప్పే వాడి చేతికే లాఠీ ఇవ్వాలన్న ఈ ఆలోచన బడిలో భద్రతను పెంచలేదు సరికదా, కలకత్తాలో యాంటీ సర్క్యులర్ సొసైటీ పుట్టడానికీ, 1906లో జాతీయ విద్యా పరిషత్తు ఏర్పడడానికీ దోహదం చేసింది. తెలుగునాట 1907లో, బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాసాల తర్వాత, వందేమాతరం బ్యాడ్జీలు ధరించిన రాజమహేంద్రవరం విద్యార్థులపై ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ చర్య తీసుకోగా, బహిష్కరణకు గురైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు తర్వాతి కాలంలో ఉద్యమ నాయకుడయ్యాడు.

మిడ్నపూర్‌లో ఈ విధానం మరింత ఘోరంగా విఫలమైంది. జిల్లా మేజిస్ట్రేట్ జేమ్స్ పెడ్డీ 1931 ఏప్రిల్ 7న కాల్పులకు గురైనది ఏ అడవిదారిలోనో కాదు, మిడ్నపూర్ కాలేజియేట్ స్కూలులో జరుగుతున్న ప్రదర్శనను చూస్తున్నప్పుడు. అతనిపై కాల్పులు జరిపిన విమల్ దాస్‌గుప్తా, జ్యోతిజీవన్ ఘోష్ ఇద్దరూ యువకులే. తర్వాత పోలీసు నిఘా ఎంత బిగిసినా, 1932 ఏప్రిల్ 30న రాబర్ట్ డగ్లస్ జిల్లా బోర్డు సమావేశంలోనూ, 1933 సెప్టెంబర్ 2న బర్జ్ ఫుట్‌బాల్ మైదానంలోనూ హతులయ్యారు. మూడేళ్లలో వరుసగా ముగ్గురు మేజిస్ట్రేట్లను కోల్పోయిన జిల్లాలో నిఘా దేన్ని కాపాడిందని అడగవలసి వస్తుంది.

ఇలాంటి పోలీసు నిఘా వలలో చిక్కిన వారి కోసమే, పెడ్డీ హత్యకు ముందే, 1930లో హిజ్లీ నిర్బంధ శిబిరం తెరిచారు. అక్కడి ఖైదీలను డెటెన్యూలు అనేవారు: నేరం రుజువు కాకపోయినా, విచారణ లేకుండా, అనుమానం మీదనే నిర్బంధించిన వారు. 1931 సెప్టెంబర్ 16 రాత్రి కాపలా సిపాయిలు నిరాయుధులైన డెటెన్యూలున్న భవనంపైకి కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. కాపలావాళ్లపైనే దాడి జరిగిందని మొదట అధికారులు చెప్పుకున్నా, ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘం దాదాపు 29 తూటాలు పేలాయని తేల్చి, భవనంపైకి విచక్షణ లేకుండా జరిపిన ఆ కాల్పులకు సమర్థన లేదని నిర్ణయించింది. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ స్వయంగా మాట్లాడాడు. ప్రమాదకారులని ముద్ర వేసి కంచెలోపల పెట్టినవారికి నిజమైన ప్రమాదం కంచె కాపలాదారు నుంచే వచ్చింది.

శిబిరం 1942లో చివరిసారిగా మూతపడింది. యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళం ఆ ప్రాంగణాన్ని వాడుకుంది. స్వాతంత్ర్యం తర్వాత దేశపు మొదటి ఐఐటీకి చోటు వెదికినప్పుడు, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పట్టుదలతో పాటు, కట్టి సిద్ధంగా ఉన్న ఇంత పెద్ద భవనం దొరకడం కూడా హిజ్లీకి కలిసొచ్చిందని చెప్పాలి. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ సంస్థను లాంఛనంగా ప్రారంభించాడు. తొలి ఏట 224 మంది విద్యార్థులు చేరారు. వారి తరగతులు, ప్రయోగశాలలు, కార్యాలయాలు ఆ పాత శిబిర భవనంలోనే నడిచాయి.