దారిలో దొరకిన దుప్పికొమ్ము

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రహదారి నల్లమల అడవిని చీల్చుకొని పోవును. రాత్రివేళ ఆ దారిని వాహనములు పోకుండ అటవీశాఖవారు గేట్లు మూయుదురు. అయినను మునిమాపువేళనో, వేకువజామునో బండి తగిలి దుప్పి పడిపోవుట అడవిదారులన్నిటను ఉన్నదే. కొట్టినవాడు ఆగడు. వెనుక వచ్చినవాడు చూచును. చచ్చిన దుప్పికి చక్కని కొమ్ములున్నవి. అవి ఎవరివి?

దొరకినవానివే యని మనకు తోచును. చట్టము అట్లనదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములోని 39వ సెక్షను ప్రకారము, చచ్చి కనబడినదైనను, పొరపాటున చంపబడినదైనను అడవిమృగము ప్రభుత్వపు సొత్తు. దాని చర్మము, కొమ్ము, గోరు సహితము అంతే. చేజిక్కినవాడు 48 గంటలలో పోలీసుస్టేషనులోనో, అధికారము గల ఉద్యోగికో తెలుపవలెను. వ్రాతమూలకమైన అనుమతి లేక ఉంచుకొనుట నేరము.

ఇది నేటి ప్రభుత్వములు కల్పించిన వింతయని కొందరందురు. కాని కౌటిల్యుని అర్థశాస్త్రము విప్పి చూడుడు. ఏనుగును చంపినవానికి అందు మరణదండన. తనంతట చచ్చిన ఏనుగు దంతముల జతను తెచ్చి ఇచ్చినవానికో, 4¼ పణముల బహుమానము! దంతము రాజుదే, తెచ్చినవానికి నాలుగుంబావు పణములు కూలి వంటివి. మాంసపు అంగళ్ల విషయములోను ఇదే జాగ్రత్త కలదు: తానుగా చచ్చిన జంతువు మాంసమును, తల, కాళ్లు, ఎముకలు లేని మాంసమును అమ్మరాదు, అమ్మినచో 12 పణముల జరిమానా. తల లేనిచో అది ఏ మృగమో తెలియుటెట్లు? అభయవనములో రక్షింపబడిన జింకయే కావచ్చును గదా! ఆ కాలపు అధికారులు అమాయకులు కారని దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లండులోనో, విలియము రాజు నాటినుండి రాజు వేటాడు లేడిని చంపినవానికి ఘోరశిక్షయే. 1217లో వెలువడిన అరణ్య శాసనపత్రము వచ్చినపిమ్మట గాని, లేడిని చంపినందుకు ప్రాణముగాని, అవయవముగాని తీయరాదను నియమము ఏర్పడలేదు.

మన దేశమున 1912 నాటి చట్టము ముఖ్యముగా వేటకు కాలనియమము చేసినది. జమీందారుల హాళ్లలో గోడనిండ కొమ్ములు వ్రేలాడినవి. పల్లెలలో దుప్పికొమ్మును సానపై అరగదీసి నొప్పులకు పట్టు వేసెడివారు. కణితికొమ్ము కత్తిపిడియై విదేశములకును పోయినది. ఇఱ్ఱికొమ్ము రాలదు, దుప్పి, కణితి కొమ్ములు రాలి మరల మొలచును. రాలినదానిని ఏరుకొన్న తప్పేమి అని వాదము. ఆ వాదపు చాటున వేటగాడును దాగినాడు. అందువలననే గత శతాబ్దపు చివరి సంవత్సరములలో రాలిన కొమ్ముల ఎగుమతి నిలిపివేయబడినది.

పాత కొమ్ములున్నవారు వాటిని ప్రకటించుకొనవలెనని 1972 చట్టమే ఆదేశించెను. అప్పుడు ఊరకున్నవారికి 2003లో 180 దినముల గడువుతో మరియొక అవకాశము లభించినది. ఆ గడువును ఎరుగక, తాతగారి కొమ్మును అటకపై ఉంచుకొన్న ఇండ్లు లేకపోలేదు. వారిపట్ల మాకు జాలియే. కాని 57వ సెక్షను కఠినమైనది: వస్తువు మన స్వాధీనమున ఉన్నదని తేలినపిమ్మట, అది అక్రమము కాదని రుజువు చేయవలసిన భారము మనపైననే పడును. కొమ్మును చూచి దుప్పి బండి తగిలి చచ్చినదో, తుపాకిదెబ్బకు చచ్చినదో చెప్పగలవారెవరు? దారిలో దొరకినదను మాట చెల్లినచో, ప్రతి వేటగాడును ఆ మాటే చెప్పును.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమువారిది వేరొక మార్గము. 2019 జనవరినుండి అచట దారిలో చచ్చిన లేడి మాంసమును తినుటకు తీసికొనవచ్చును. 24 గంటలలో అనుమతికై దరఖాస్తు పెట్టవలెను. తలను, కొమ్ములను మాత్రము 5 పనిదినములలో ప్రభుత్వశాఖకు అప్పగింపవలెను. తిండికి అభ్యంతరము లేదు, అలంకారమునకు ఉన్నది. లోభము ఎచట పుట్టునో వారు సరిగనే కనిపెట్టిరని మా అభిప్రాయము.

మన 39వ సెక్షను తెచ్చి ఇచ్చినవానికి ఏమియు ఇయ్యదు. అడవి అంచున కాపురముండు కూలివాడు పనిదినము మానుకొని, కొమ్ము చేతబట్టుకొని పోలీసుస్టేషను మెట్లెక్కుటకు జంకును. దానిని పొదలోనికి విసరివేయుట అతనికి సులభము. కౌటిల్యుని నాలుగుంబావు పణములను ఎత్తివేసినవారు ఈ సంగతి ఆలోచింపలేదు కాబోలు.