మీట లోతు, వేలి వేగం: నెల్లూరు తీరంలో కీబోర్డు ఎంపిక

పోటీ కంప్యూటర్ ఆటలకు తగిన కీబోర్డును ఎంచుకోవడం నెల్లూరు తీరంలో ఈ తరం యువకులు మొదలుపెట్టిన వ్యవహారంగా కనిపిస్తుంది గాని, మీట ఎంత లోతుకు దిగాలి, వేలి నుంచి ఎంత బరువు కోరాలి, నొక్కి వదిలాక ఎంత త్వరగా పైకి లేవాలి అన్న ప్రశ్నలు కావలి, నెల్లూరు, గూడూరు పట్టణాల టైపు ఇన్‌స్టిట్యూట్లలో అంతకు ఎన్నో ఏళ్ల ముందే నలిగినవి. ఆటకు వాడే కీబోర్డు చరిత్రను ఈ ప్రాంతంలో వెతకదలచినవారు టైపు మిషను దగ్గరే మొదలుపెట్టాలి.

నిజానికి టైపు మిషను కీర్తి సైతం ఒక పోటీతోనే ముడిపడి ఉంది. 1888 జూలై 25న అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఫ్రాంక్ మెక్‌గరిన్, లూయీ ట్రాబ్ అనే ఇద్దరు టైపిస్టులు పందెం కట్టారు. ట్రాబ్ వాడిన కాలిగ్రాఫ్ మిషనులో పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ వేర్వేరు మీటలుండగా, మెక్‌గరిన్ వాడిన రెమింగ్టన్‌లో తక్కువ మీటలూ, ఒక షిఫ్టు మీటా ఉండేవి. మెక్‌గరిన్ మీటలవైపు చూడకుండా పది వేళ్లతో కొట్టి గెలిచాడు. ఆ గెలుపు రెమింగ్టన్ మీటల అమరికకు, అంటే పై వరుస ఎడమనుంచి వచ్చే మొదటి ఆరు అక్షరాలను కలిపి పలికే 'క్వర్టీ' అమరికకు, గొప్ప ప్రచారమైంది. ఈనాడు ఆటగాళ్ల బల్లల మీద ఉన్నది ఆ అమరికే.

నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలో భాగం; ఆ తరువాత కూడా రైలు మార్గంలో దాదాపు 175 కిలోమీటర్ల దూరంలోని మద్రాసే ఈ తీరానికి పెద్ద అంగడి. స్వీడన్‌కు చెందిన హాల్డా టైపు మిషన్లను మద్రాసులో రాయల కార్పొరేషన్ తయారుచేసేది; రెమింగ్టన్‌కు కలకత్తా కేంద్రం; గోద్రెజ్ సంస్థ 1955లో స్వదేశీ మిషనును తెచ్చింది. ఈ మిషన్ల మీద సాగే టైపు పరీక్షల్లో, ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాలు కొట్టాలి. అయిదు దెబ్బలను ఒక పదంగా లెక్కిస్తారు కాబట్టి, హయ్యర్ అభ్యర్థి వేళ్లు నిమిషానికి 225 సార్లు మీటలను తాకాలన్నమాట. ఆ వేగంలో మిషను స్వభావం తేటతెల్లమవుతుంది. టైపు మిషనులో మీట నొక్కితే అక్షరం చెక్కిన ఇనుప కడ్డీ లేచి రిబ్బను మీద కొట్టి వెనక్కి పడుతుంది. మొదటి కడ్డీ దిగకముందే రెండోది లేస్తే రెండూ పెనవేసుకుని, వాటిని వేలితో విడదీసేలోగా విలువైన క్షణాలు పోతాయి. దీనికితోడు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుముకు తుప్పు బెడద ఎక్కువ గనుక, నూనె తగలని మిషనులో కడ్డీ బరువెక్కి నెమ్మదిస్తుంది. నొక్కుడు తేలికగా ఉండి కడ్డీ చురుగ్గా వెనక్కి పడే మిషనే అభ్యర్థికి మంచి మిషను.

తెలుగు టైపు మాత్రం వేరే కష్టాన్ని తెచ్చింది. 1966లో అధికార భాషా చట్టం రావడం, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం ఏర్పడడం వల్ల కార్యాలయాల్లో తెలుగు టైపు అవసరం పెరిగింది. నలభై పైచిలుకు మీటల్లో గుణింతాలను, వత్తులను ఇరికించడానికి 'కదలని మీట' అనే ఉపాయం వాడారు. అటువంటి మీటను నొక్కినప్పుడు గుర్తు కాగితం మీద పడుతుంది గాని కాగితం పక్కకు జరగదు, కాబట్టి తరువాతి అక్షరం అదే చోట పడి గుర్తుతో కలుస్తుంది. ఒక్క అక్షరానికి రెండు మూడు దెబ్బలు పడే ఈ పద్ధతిలో తెలుగు టైపిస్టు చేసిన శ్రమకు ఇంగ్లీషు వేగపు కొలమానం న్యాయం చేయలేదు. తరువాత కంప్యూటర్ వచ్చినా ఒకే అమరిక నిలవలేదు. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి కేటాయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికను ప్రభుత్వం 1986లో ప్రామాణికంగా ప్రకటించినా, డీటీపీ (కంప్యూటర్ అక్షరకూర్పు) కేంద్రాలవారిలో చాలామంది 'అను' తెలుగు ఫాంట్లతో పాటు వచ్చిన యాపిల్ అమరికకే అలవాటుపడ్డారు. వేలికి ఒకసారి పట్టుబడిన దారిని ప్రభుత్వపు ఉత్తరువు మార్చలేదు.

ఆటల కీబోర్డుకు అసలు వంతెన మద్రాసు నుంచే వచ్చింది. అక్కడి టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన 'గోల్డ్' కీబోర్డు బ్యాంకులు, కార్యాలయాలు, డీటీపీ దుకాణాలలో రోజంతా టైపు చేసేవారికోసం ఉద్దేశించింది. చవక కీబోర్డులలో మీటలన్నిటి కింద ఒకే రబ్బరు పొర ఉండి, మీట దాదాపు అడుగుకు దిగితేగాని కంప్యూటర్‌కు సంకేతం అందదు. గోల్డ్‌లో ప్రతి మీటకూ విడిగా స్ప్రింగుతో కూడిన 'స్విచ్' ఉంటుంది. అది జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ నీలి స్విచ్. టక్కుమని మోగి, నొక్కు పడిందని వేలికీ చెవికీ చెబుతుంది. విదేశీ గేమింగ్ కీబోర్డుల ధర అందనివారికి గుమాస్తాల ఈ పనిముట్టే విడి స్విచ్‌లుండే మొదటి 'మెకానికల్' కీబోర్డు కావడం, ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచించదగిన మలుపు.

అయితే టైపుకు మేలైనది ఆటకు మేలు కావాలనేమీ లేదు. చెర్రీ స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. నీలి స్విచ్ 2.2 మిల్లీమీటర్ల దగ్గర, టక్కుమనని ఎర్ర స్విచ్ 2 మిల్లీమీటర్ల దగ్గర సంకేతం పంపుతాయి. తేడా స్వల్పమే. కాని నీలి స్విచ్‌లో సంకేతం పడే చోటుకంటే తెగే చోటు బాగా పైన ఉంటుంది కనుక, ఒకే మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలంటే వేలు ఎక్కువ దూరం లేవాలి. కౌంటర్ స్ట్రైక్ వంటి తుపాకి ఆటలో ఎడమకు పరుగెత్తే బొమ్మను క్షణంలో నిలిపి గురిపెట్టడానికి కుడి మీటను తాకుతారు. అక్కడ మీట లేచే వేగమే గెలుపోటములను మార్చగలదు. కడ్డీ వెనక్కి పడే వేగం గురించి టైపు అభ్యర్థి పడిన బాధ ఇక్కడ మరో రూపంలో తిరిగి వచ్చింది. కడ్డీల పెనవేతకు సాటి సమస్య కూడా ఉంది: చవక కీబోర్డులో మూడు నాలుగు మీటలు కలిపి నొక్కితే కొన్ని సంకేతాలు పోతాయి, ఎన్ని మీటలు నొక్కినా అన్నిటినీ గుర్తించే గుణాన్ని 'ఎన్-కీ రోలోవర్' అంటారు.

మీట లేచే ఆలస్యానికి జవాబుగా, నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ సంస్థ కీబోర్డులు మీట లోతును అయస్కాంతంతో నిరంతరం కొలిచి, మీట కొద్దిగా లేచిన వెంటనే సంకేతం తెంచే 'ర్యాపిడ్ ట్రిగర్' పద్ధతిని ప్రసిద్ధం చేశాయి. దీనికి ఆధారం ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన భౌతిక ధర్మం. 2024లో రేజర్ సంస్థ, రెండు వ్యతిరేక మీటలు కలిసి నొక్కబడితే చివరిదాన్నే లెక్కించే ఏర్పాటు తెచ్చింది. కౌంటర్ స్ట్రైక్ తయారీదారైన వాల్వ్ అదే ఏడాది ఆగస్టులో అలాంటి ఏర్పాట్లను తన అధికారిక సర్వర్లలో నిషేధించింది. నైపుణ్యం వేలిదే కావాలి గాని కీబోర్డుది కాకూడదన్న ఆ నిర్ణయం సమంజసమైనదే.

మన దేశంలో పోటీ ఆటలు అధికంగా ఫోన్‌లోనే సాగుతాయి కాబట్టి, నెల్లూరులోనూ కీబోర్డు ఎంచుకునేవారు ఆటగాళ్లలో ఒక భాగమే. వారిలో టైపు నేర్చినవారికి మాత్రం ఒక చిక్కు ఎదురవుతుంది. ఇన్‌స్టిట్యూటు పాఠంలో ఎడమచేతి చిటికెన వేలు 'ఏ' మీదా, ఉంగరపు వేలు 'ఎస్' మీదా, మధ్య వేలు 'డి' మీదా నిలుస్తాయి. ఆటలో చిటికెన వేలును షిఫ్టుకు వదిలి, 'ఏ'ను ఉంగరపు వేలికీ, 'డి'ని చూపుడు వేలికీ అప్పగించాలి. చెయ్యి మొత్తం ఒక మీట ఎడమకు జరగాలి.