నోరు విప్పని పులి

శ్లేష అంటే మనకు ప్రబంధాలే గుర్తొస్తాయి. బి.ఏ. తెలుగు చదివిన రోజుల్లో సభంగ శ్లేష, అభంగ శ్లేష అని బట్టీ పట్టాం. ఒక శ్లేషను దేశం మొత్తం గోడల మీద అంటించి, యుద్ధకాలంలో జనం చేత నోరు కట్టించిన ప్రభుత్వం ఒకటుందని మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ దేశం స్వీడన్. ఆ శ్లేషకు బొమ్మ కట్టిన మనిషి బెర్టిల్ ఆల్మ్‌క్విస్ట్.

ఈయన 1902లో పుట్టి 1972లో పోయారు. పత్రికలో వార్తల మీద సరదా పద్యాలు రాసేవారు, బొమ్మలు గీసేవారు, పాటలు కట్టేవారు, పిల్లల పుస్తకాలూ రాశారు. ‘బెర్టిలా’ ఆయన కలం పేరు. నవ్వించడమే వృత్తిగా బతికిన మనిషన్నమాట. అలాంటాయనను 1941లో ప్రభుత్వ సమాచార శాఖ ఒక పోస్టర్ అడిగింది.

అప్పటి పరిస్థితి చెప్పాలి. 1940 ఏప్రిల్‌లో జర్మనీ సైన్యం డెన్మార్క్‌లోకి, నార్వేలోకి దిగింది. స్వీడన్‌కు ఒక పక్క ఆక్రమణలో ఉన్న నార్వే, ఇంకో పక్క రష్యాతో పోరాడుతున్న ఫిన్లాండ్. తాను ఎవరి పక్షమూ కాదని స్వీడన్ ప్రకటించుకుంది కానీ, చుట్టూ గూఢచారుల భయం. రైల్లోనో, కాఫీ దుకాణంలోనో ఎవరైనా సైన్యం కదలికల గురించి నోరు జారితే ఆ మాట ఎక్కడికి పోతుందో తెలియదు.

ఆల్మ్‌క్విస్ట్ ఒక పులిని గీశారు. పసుపు ఒంటి మీద నీలం చారలు, అంటే స్వీడన్ జెండా రంగులే. దాంతో పాటు మూడే మూడు మాటలు: ‘ఎన్ స్వెన్స్క్ టీగెర్’. స్వీడిష్ భాషలో ‘టీగెర్’ అంటే పులి. అదే మాట క్రియగా వాడితే ‘నోరు విప్పడు’ అని. ‘స్వెన్స్క్’ అంటే స్వీడన్‌కు చెందినది అనీ, స్వీడన్ మనిషి అనీ రెండర్థాలు. కాబట్టి ఆ మూడు మాటలూ ఒకలా చదివితే ‘ఒక స్వీడిష్ పులి’, ఇంకోలా చదివితే ‘స్వీడన్ వాడు నోరు విప్పడు’. మన భాషలో ‘వాడిన పువ్వు’ అంటే వాడిపోయిన పువ్వూ అవుతుంది, ఉపయోగించిన పువ్వూ అవుతుంది చూడండి, అలాంటిదే. ఒక్క అక్షరం విరగ్గొట్టలేదు. అచ్చమైన అభంగ శ్లేష!

ఈ పనికి నవ్వునే వాడుకున్నది స్వీడన్ ఒక్కటే కాదు. బ్రిటన్‌లో ‘ఫుగాస్’ అనే కలం పేరుతో సిరిల్ బర్డ్ అనే హాస్య చిత్రకారుడు 1940లో ఇలాంటి పోస్టర్లే గీశారు. ఒక దాంట్లో ఇద్దరు ఆడవాళ్లు కబుర్లలో మునిగి ఉంటే, వెనక సీట్లో హిట్లర్ కూర్చుని వింటుంటాడు. నోరు జారేది ఆడవాళ్లేనని వేరే చెప్పాలా! ఆల్మ్‌క్విస్ట్ పులి మీద నాకు గౌరవం కలగడానికి అదీ ఒక కారణం. ఆ పులి ఆడదా మగదా అని ఎవరూ అడగరు. అందరికీ ఒకే మాట.

ఇంటిగుట్టు లంకకు చేటు అని మనవాళ్లు అననే అన్నారు. ఆ లెక్కన పులి చెప్పింది న్యాయమే. కానీ మౌనం అర్ధాంగీకారం అన్నదీ మనవాళ్లే కదా. స్వీడన్ కథలో ఈ రెండు సామెతలూ పక్కపక్కనే నిలబడతాయి.

ఎందుకంటే ఆ మౌనం సైనిక రహస్యాలకే పరిమితం కాలేదు. స్వీడన్ గనుల ఇనుప ఖనిజం యుద్ధకాలంలో జర్మనీకి వెళ్లింది. సెలవు మీద వచ్చిపోయే జర్మన్ సైనికులు 1940 నుంచి 1943 దాకా స్వీడన్ రైళ్లలో ప్రయాణించారు. 1941 జూన్‌లో ఒక పూర్తి జర్మన్ డివిజన్ నార్వే నుంచి ఫిన్లాండ్‌కు స్వీడన్ మీదుగా వెళ్లింది. 1942 మార్చిలో, నార్వే జైళ్లలో జర్మన్లు పెడుతున్న చిత్రహింసల గురించి రాశాయని 17 పత్రికల ప్రతులను స్వీడన్ ప్రభుత్వమే జప్తు చేసింది. శత్రువు వినకూడదని మొదలైన మౌనం, పొరుగింటి ఏడుపు బయటికి వినిపించకుండా చేసే మౌనంగా మారింది. రెండింటికీ ఒకటే మాట, ‘టీగెర్’.

సంసారాల్లోనూ ఇంతేనేమో. అప్పుల సంగతి, పిల్ల సంబంధం సంగతి నలుగురి ముందు మాట్లాడవద్దంటే అది ఇంటిని కాపాడే గుట్టు. కోడలి ఒంటి మీద దెబ్బలు కనిపిస్తున్నా ‘మనకెందుకులే’ అంటే అది గుట్టు కాదు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా చిన్నప్పుడు ‘నువ్వు నోర్ముయ్’ అన్న మాట ఈ రెండు సందర్భాల్లోనూ విన్నాను. తేడా మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ పులిని గీసిన ఆల్మ్‌క్విస్ట్ యుద్ధం అయ్యాక ఏం చేశారంటే, ఒక కుటుంబాన్ని సృష్టించారు. 1948లో ‘బార్నా హెడెన్‌హెస్’ అనే పిల్లల పుస్తకాలు మొదలుపెట్టారు. బార్నా అంటే పిల్లలు. హెడెన్‌హెస్ అన్నది ‘అనాదికాలం’ అని అర్థం వచ్చే పాత మాట, దాన్నే ఇంటిపేరు చేసేశారు. రాతియుగం కుటుంబం. పిల్లాడు స్టెన్, అంటే రాయి. పిల్ల ఫ్లీసా, అంటే రాతిపెచ్చు. నాన్న బేన్, అంటే ఎముక. వీళ్లు ఇంట్లో కూర్చునే రకం కాదు. ఒక పుస్తకంలో ఈజిప్టు వెళ్తారు, ఇంకో దాంట్లో ఏకంగా అమెరికానే కనిపెట్టేస్తారు. మనం టీవీలో చూసిన ‘ఫ్లింట్‌స్టోన్స్’ వచ్చింది 1960లో. అప్పటికే స్వీడన్ పిల్లలకు రాతియుగం సంసారం పన్నెండేళ్లుగా పరిచయం. 2013 డిసెంబరులో స్వీడన్ టీవీ పిల్లల కోసం వేసిన క్రిస్మస్ ధారావాహిక కూడా ఈ కుటుంబం కథే.

పులి మాత్రం ఆయన పోయాక కూడా ఊరుకోలేదు. 2019లో ఆరోన్ ఫ్లామ్ అనే హాస్యనటుడు, యుద్ధకాలంలో స్వీడన్ దాచుకున్న సంగతుల మీద పుస్తకం రాసి, అట్ట మీద అదే పులికి నాజీ చేతిపట్టీ తొడిగాడు. బొమ్మ హక్కులున్న మ్యూజియం ఫిర్యాదు చేసింది. 2020లో పోలీసులు పుస్తకాలను జప్తు చేశారు. అది వ్యంగ్యానుకరణ, తప్పు కాదని అదే ఏడాది కోర్టు తేల్చింది. ఎనభై ఏళ్ల క్రితం ఒక హాస్యగాడు నోరు మూయించిన పులిని మరో హాస్యగాడు మాట్లాడించాడు.

ఆల్మ్‌క్విస్ట్‌ను నేను తప్పు పట్టలేను. ఇంటికి నిప్పంటుకునే రోజుల్లో గుట్టు కాపాడమనడం నేరం కాదు. నిప్పు ఆరాక కూడా ‘ష్...’ అంటూ కూర్చుంటేనే చిక్కు. మన ఇళ్లలో ఎవరైనా పిల్లల్ని ‘ఈ సంగతి ఎవరికీ చెప్పకు’ అన్నప్పుడు ఒక్క క్షణం ఆగి, ఈ మౌనం ఎవరిని కాపాడుతోందని అడిగితే చాలు. జవాబు ‘పిల్లల్ని’ అయితే సరే. ఇంకెవరినో అయితే, పులి నోరు విప్పాల్సిందే.