నిర్దేశకుడు లేని వాద్యబృందం

పాశ్చాత్య వాద్యబృందమనగానే ఎదుట నిలిచి చేతికర్రతో నడిపించే నిర్దేశకుడు స్ఫురిస్తాడు. అట్టి నిర్దేశకుడు లేకుండానే విశ్వవిఖ్యాతి గడించిన తంత్రీవాద్యబృందం ‘ఇ మ్యూజిచి’. ఇటాలియన్ భాషలో ఆ పేరుకు ‘సంగీతకారులు’ అని అర్థం. 1951లో రోము నగరంలో పన్నెండుగురు యువ సంగీతజ్ఞులు దీనిని స్థాపించారు. వారిలో అధికులు అక్కడి శాంతా చెచీలియా సంగీత విద్యాలయ విద్యార్థులే. 6 వయొలిన్లు, 2 వయోలాలు, 2 చెల్లోలు, 1 డబుల్ బేస్, వీటికి తోడుగా హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం ఒకటి, ఇదే వారి వాద్యసంపద.

వెనిస్‌లో అనాథ బాలికలకు వయొలిన్ నేర్పిన వివాల్డి 1741లో వియన్నాలో నిరుపేదగా మరణించాడు. అనంతరం ఆయన కృతులు దాదాపు రెండు శతాబ్దాలు మరుగునపడ్డాయి. 1920ల దశకంలో ఆయన వ్రాతప్రతులు బయల్పడి టురిన్ గ్రంథాలయానికి చేరాయి. గ్రంథాలయం చేరినంత మాత్రాన సంగీతం సజీవం కాదు. దానిని పలికించేవారు కావాలి. ఆ కార్యం నెరవేర్చినవారిలో ఈ బృందం అగ్రశ్రేణికి చెందినది. 1725లో అచ్చయిన ‘నాలుగు ఋతువులు’ కృతులను ఫెలిక్స్ అయో ప్రధాన వయొలిన్‌తో వీరు 1955లో రికార్డు చేశారు. 1959లో స్టీరియో పద్ధతిలో మరల వెలువరించారు. ఆ రికార్డులు దేశదేశాల శ్రోతలకు వివాల్డిని సన్నిహితుణ్ణి చేశాయి.

తన కమాను నడుపుతూనే పక్కవారి నాదానికి చెవియొగ్గడం, కనుసైగతోనే లయను కలుపుకోవడం వీరి క్రమశిక్షణ. స్థాపకుల స్థానంలో కొత్త తరాలు వచ్చినా, నిర్దేశకుని స్థానాన్ని మాత్రం ఎవరితోనూ నింపలేదు.